తుడిచే చేతులు ఉన్నన్ని పటాలే

రవివర్మ సరస్వతి బొమ్మను హాల్లో తగిలిస్తే కళ అంటాం. అదే బొమ్మను దేవుని గూట్లో పెడితే దేవత అంటాం. కాగితం అదే, రంగులు అవే. అమ్మవారి చేతిలో వీణ, పక్కన నెమలి, వెనక పారే నీళ్లు, ఏవీ మారలేదు. మరి మారిందేమిటి? గోడా, చట్రమా, చూసే మనమా? మా ఇంట్లో ఈ ప్రశ్న వేదాంత చర్చలో పుట్టలేదు. ఫ్రేము కట్టించాల్సి వచ్చి పుట్టింది.

మా అబ్బాయి ఆలూరులోనే, పాత ఇల్లు ఉన్న జాగాలో కొత్త ఇల్లు కట్టాడు. కోడలు బెంగళూరు నుంచి దళసరి కాగితం మీద అచ్చువేసిన రెండు బొమ్మలు తెచ్చింది. ఒకటి రవివర్మ సరస్వతి. రెండోది లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది పార్వతీ కల్యాణం. రెండూ హాల్లో, సోఫా వెనక గోడకు పెట్టాలని ఆమె కోరిక. సన్నని నల్ల ఫ్రేము, చుట్టూ తెల్ల మౌంటు వేయించాలంటుంది. నాకేమో సరస్వతి చుట్టూ నల్ల చట్రం ఊహించుకోవడానికే మనసు రాలేదు. ఇద్దరం కలిసే పటాలు కట్టే అంగడికి పోయాం.

అంగడి భాయి బొమ్మలు విప్పి చూసి ఒక్కటే అడిగాడు. "టీచరమ్మా, ఇవి హాల్లోకా, దేవునింట్లోకా? అది చెప్తేనే నేను బీడింగ్ తీసేది." హాల్లోకైతే మౌంటు వేయాలట, బొమ్మకూ అద్దానికీ మధ్య సందు ఉంటుందట. దేవునింట్లోకైతే మౌంటు వద్దు, పటం నిండుగా కనపడాల, బంగారు రంగు బీడింగ్ వేయాల, వెనక అట్ట గట్టిగా మూసేయాల, లేకుంటే దీపం పొగంతా లోపలికి పోతాది అన్నాడు. ఆయన లెక్కలో దేవుడికీ బొమ్మకూ తేడా పనిలో ఉంది. దేనికి పొగ తగులుతుంది, దేనికి నీళ్లు తగులుతాయి, దేన్ని చేత్తో తాకుతారు అన్నదే ఆయనకు కావలసింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పిన నాకు, శాస్త్రాలు తిరగేసినప్పుడు దొరికిన జవాబు కూడా చివరికి ఆ అంగడిలో విన్నదానికి చాలా దగ్గరగా వచ్చి ఆగింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చోటు సంగతి చూద్దాం. పటం ఉన్న చోటే దాన్ని దేవుణ్ణి చేస్తుందనేది మనందరికీ తట్టే మొదటి మాట. లేపాక్షి దీనికి ఎదురు సాక్ష్యం. అచ్యుతరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ కట్టించిన ఆ ఆలయంలో పైకప్పు నిండా దేవతలే ఉన్నారు. గుడి లోపల ఉన్నారు, గర్భగుడికి నాలుగడుగుల దూరంలో ఉన్నారు. అయినా ఆ చిత్రాలకు ఎవరూ హారతి పట్టరు, కుంకుమ పెట్టరు. తలెత్తి చూస్తారు, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు, ముందుకు పోతారు. అదే సమయంలో ఆలూరు బస్టాండు పక్క హోటల్లో గల్లా పెట్టె మీద, ఎండకు వెలిసిపోయిన వెంకటేశ్వర స్వామి పటానికి పొద్దున్నే మల్లెమూర, ఊదుబత్తి. గుడిలో ఉన్నది చిత్రంగానే మిగిలింది, హోటల్లో ఉన్నది దేవుడయ్యాడు. కాబట్టి చోటు ఒక్కటే తేల్చలేదు.

పోనీ చట్రం తేలుస్తుందా? ఇక్కడ మా అవ్వ పటం గురించి చెప్పాలి.

మా అవ్వ దగ్గర రవివర్మ లక్ష్మి ఉండేది. తామర మీద నిలబడిన లక్ష్మి, పక్కన పూలమాల పట్టిన ఏనుగు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో చేసినట్టే ఆమె ఆ కాగితం లక్ష్మికి చీర కట్టింది. బొమ్మలోని చీర ఆకారానికి జరీ గుడ్డ కత్తిరించి అతికించి, అంచుకు చమ్కీలు కుట్టి, నగలున్న చోట ముత్యాల్లాంటి పూసలు అంటించింది. ఊరి వడ్ల ఆయన చెక్క చట్రం బిగించాడు. రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి, తడి గుడ్డతో అద్దం తుడిచి, ఉంగరం వేలితో అమ్మవారి నుదుటి మీద కుంకుమ పెట్టేది. అవ్వ పోయాక, అద్దం పగిలి, మార్చడానికి పటం వెనక మేకులు తీశాం. అద్దం ఎత్తగానే ఇంట్లో అందరం ఒక్క క్షణం మాట్లాడలేదు. ఇన్నేళ్లూ మేం చూసిన ఎర్రని బొట్టు అద్దంతో పాటే వచ్చేసింది. కాగితం మీద లక్ష్మి నుదుట రవివర్మ దిద్దిన చిన్న తిలకం మాత్రమే ఉంది. మా అవ్వ జీవితకాలం చేసిన పూజ అంతా అద్దం మీదనే జరిగింది. కాగితాన్ని ఒక్కసారి కూడా తాకలేదు.

ఇంకో సంగతి కూడా కనపడింది. కాగితం కింది అంచు గోధుమ రంగుకు తిరిగి, ఉబ్బి, ఏనుగు కాళ్ల దగ్గర మరక కట్టింది. తడి గుడ్డతో అద్దం తుడిస్తే నీళ్లు కిందికి జారి, చట్రానికీ అద్దానికీ మధ్య సన్నని సందులో దిగి, అక్కణ్ణుంచి కాగితంలోకి పాకుతాయి. ఏ ఇంట్లోనైనా పాత పటం తీసి చూడండి, మొదట తడిసేది దేవుని పాదాలే.

ఆ అద్దం లేకపోతే కాగితానికి పూజ చేయడమే కుదరదు. నూనె, పొగ, నీళ్లు, పసుపు, కుంకుమ, కాగితానికి శత్రువులైనవన్నీ మన పూజా ద్రవ్యాలే. గాజుపలక వచ్చింది కాబట్టి కాగితం దేవుడు మన చేతికి అందాడు. ఇది చిన్న మార్పు కాదని చరిత్ర చెబుతుంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు కార్ఖానా పెట్టాడు. తరువాత అది లోనావలా దగ్గర మలవలికి మారింది, ఆపైన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ చేతికి పోయింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసి తీసిన ఆ బొమ్మలు దేశమంతా పాకాయి. అదే గుడి సంగతి చూస్తే, మద్రాసు రాష్ట్రంలో దళితులకు ఆలయాల తలుపులు తెరిచిన చట్టం పూర్తి రూపంలో వచ్చింది 1947లో. అప్పటికి మా ఆలూరు ఆ రాష్ట్రంలోనే, బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. రవివర్మ కార్ఖానాకూ ఆ చట్టానికీ మధ్య 53 ఏళ్లు. ఆ 53 ఏళ్లలో గడప దాటనివ్వని గుడి ఉన్న ఊళ్లో, నాలుగు డబ్బులు పెట్టి కొనుక్కోగలిగిన ఎవరి ఇంటికైనా లక్ష్మి నడిచి వచ్చింది. పూజారి అడ్డం లేడు, దూరంగా నిలబడమన్నవాడు లేడు. ఆనంద కుమారస్వామి వంటి కళా విమర్శకులు రవివర్మ దేవతల్లో దివ్యత్వం లేదని, నాటకం వేషాల్లా ఉన్నారని తప్పుపట్టారు. చిత్రకళ లెక్కలో ఆ మాటకు బలం ఉండవచ్చు. కానీ ఆ దేవత మన పక్కింటి ఆడమనిషిలా ఉండబట్టే వంటింటి గోడ మీద కూడా ఇమిడిపోయింది.

ఇక శాస్త్రం ఏమంటుంది? కాగితం పటానికి ప్రాణప్రతిష్ఠ లేదు, ఆగమం ప్రకారం మలిచిన శిల్పం కాదు, కాబట్టి అది ఉత్త బొమ్మేనని పెద్దలు కొందరు కొట్టిపారేస్తారు. వాళ్లు భాగవతం ఏకాదశ స్కంధం 27వ అధ్యాయం మరోసారి చదవాలని నా మనవి. అక్కడ కృష్ణుడు ఉద్ధవుడికి పూజావిధానం చెబుతూ ప్రతిమలు ఎనిమిది రకాలంటాడు. రాతిది, కర్రది, లోహానిది, మట్టితో మెత్తినది, గీసినది, ఇసుకది, మణిది, మనసులో నిలుపుకున్నది. గీసిన బొమ్మ ఆ ఎనిమిదింటిలో తన పీట మీద తాను కూర్చుంది, రాతి విగ్రహానికి పక్కనే. దానికి ఎంత గౌరవమో మనసులోని రూపానికీ అంతే.

అదే చోట ఇంకో రెండు మాటలున్నాయి. మట్టి బొమ్మకూ గీసిన బొమ్మకూ అభిషేకం వద్దు, తుడిస్తే చాలు అన్నది మొదటిది. అంటే తుడవడం ఇంటి పని కింద లెక్క కాదు, చిత్రపటానికి అదే స్నానోపచారం. మా అవ్వ తడి గుడ్డ పిండకుండా తుడిచేది, శాస్త్రం తుడిస్తే చాలంది. అవ్వ చేతిలో ప్రేమ ఎక్కువై నీళ్లు ఎక్కువయ్యాయి, అంతే తేడా. రెండో మాట ఆవాహన గురించి. గుళ్లో స్థిరంగా నిలిపిన మూర్తికి పిలవడమూ సాగనంపడమూ లేవు. కదిలే ప్రతిమకు మాత్రం ఆ రెండూ మన ఇష్టానికి వదిలేశారు. పిలుస్తామా, వస్తాడు. పిలవకపోయినా తప్పు లేదు.

ఆలూరు ప్రాంతంలో బతికినవాళ్లకు ఈ రెండో మాట పుస్తకంలో మాటగా ఉండిపోదు. మాది నల్లరేగడి, వానను నమ్ముకున్న సేద్యం. వాన మోసం చేసిన ఏడాది దీపావళి దాటిందంటే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, ఆ తరువాత మిరపకాయ కోతకు. నా తరగతి గదిలో ఆ నెలల్లో బెంచీలు సగం ఖాళీ అయ్యేవి. లారీ ఎక్కేటప్పుడు ఆ కుటుంబాలు ఏం తీసుకుపోతాయో నేను చాలాసార్లు దగ్గరుండి చూశాను. బియ్యం మూట, జొన్నపిండి, గిన్నెలు, పరుపు చుట్ట, వాటి మధ్య గుడ్డలో చుట్టిన చిన్న పటం. ఒకరిది కసాపురం నెట్టికంటి ఆంజనేయుడు, ఒకరిది ఉరుకుంద ఈరన్న, ఒకరిది మంత్రాలయం రాఘవేంద్రస్వామి. అద్దం ఉండదు, పగులుతుందని. ప్లాస్టిక్ లామినేషన్ చేసిన కార్డు, చుట్టూ సన్నని ఫైబర్ అంచు. చేను గట్టు మీద గుడారం వేసుకున్నాక, గుంజకు ఒక మేకు కొట్టి దాన్ని తగిలిస్తారు. ఇంట్లో ఉన్న పెద్ద పటం తాళం వేసిన తలుపు వెనక దుమ్ము కప్పుకొని ఉంటుంది. ఉగాది ముందర తిరిగి వచ్చాక తలుపు తీసి, బూజు దులిపి, పటం తుడిచి, దీపం పెడతారు. వెళ్లేటప్పుడు సాగనంపారు, వచ్చాక పిలిచారు. ఏ పురోహితుడూ వాళ్లకు చెప్పలేదు. చలప్రతిమకు శాస్త్రం ఇచ్చిన వెసులుబాటును ఈ కూలీ కుటుంబాలు తమ బతుకులో పాటించినంత నికరంగా పాలరాతి పూజగదులున్న ఇళ్లు పాటించడం నేను చూడలేదు.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు, అది బరువైనదే. వేమన ఎన్ని పద్యాల్లో రాళ్ల పూజను నిలదీశాడో చిన్నపిల్లలకూ తెలుసు. లోపలున్నవాణ్ణి వదిలి బయట వెతుకుతారేమని అడిగాడాయన. ఆ కోపం వేమనదొక్కడిదే అనుకుంటాం గానీ భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి అంతకన్నా కటువుగా చెప్పాడు. అన్ని ప్రాణుల్లో ఉన్న నన్ను లెక్కచేయక బొమ్మను పూజించేవాడు బూడిదలో హోమం చేసినవాడితో సమానం అన్నాడు. గీసిన బొమ్మ కూడా దేవుడే అన్నదీ, బొమ్మ ఒక్కటే దేవుడనుకుంటే దండగ అన్నదీ ఒకే పుస్తకం. రెండింటినీ కలిపి చదివితే నాకు ఒక్కటే అర్థమవుతుంది. బొమ్మను చూసుకునే తీరు మన చేతికి ఒక అలవాటు నేర్పాలి. రోజూ ఒక కాగితం ముఖాన్ని నెమ్మదిగా, గీత పడకుండా, విసుగు లేకుండా తుడిచే చేయి, మంచం పట్టిన అత్త ముఖాన్నీ అలాగే తుడవగలగాలి. తుడవలేకపోతే ఆ పటం చుట్టూ ఎంత బంగారు బీడింగ్ ఉన్నా అది బూడిదలో పోసిన నెయ్యే.

ఈ లెక్కతో చూస్తే మతాల మధ్య గోడ కూడా అంత ఎత్తుగా కనపడదు. మా భాయి అంగడిలో అదే బల్ల మీద, అదే రంపంతో, అదే 45 డిగ్రీల కోతతో వెంకటేశ్వర స్వామికీ, కాబా చిత్రానికీ, అరబ్బీ అక్షరాలకూ, ఏసు ప్రభువుకూ చట్రం కడతారు. రూపాన్ని ఒప్పని మతం అక్షరానికి చట్రం కట్టింది. మేం ఉన్నప్పుడే ఆయన ఒక పటం వెనక మేకులు కొట్టాడు. ముందు బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచాడు. అద్దాన్ని రెండు వైపులా తుడిచి వెలుగుకు ఎత్తి చూశాడు. బొమ్మను బోర్లా పెట్టి, తల వైపు తన కాళ్ల దిక్కు రాకుండా తిప్పుకున్నాడు. సుత్తిని పైకెత్తలేదు, అట్ట మీదనే ఆనించి జరుపుతూ గోరంత మేకులను పక్కనుంచి తట్టాడు. ఎత్తి కొడితే అద్దం పోతుంది. అది శివుని పటం. ఆ మనిషి పూజించే దేవుడు కాదు. అయినా ఆ పటానికి దక్కిన మొదటి మర్యాద ఆయన చేతిలోదే. దాన్ని పూజ అనడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

అలాంటి చేతుల మీదుగా వచ్చిన పటాలు చివరికి ఎక్కడికి చేరుతున్నాయో చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. ఏ ఊళ్లోనైనా రావిచెట్టు కట్ట కిందికి వెళ్లండి. పగిలిన అద్దాలు, ఊడిన బీడింగులు, చెదలు తిన్న అట్టలు, వాటిలోంచి చూస్తున్న లక్ష్ములు, వినాయకులు, సాయిబాబాలు. కొందరు తుంగభద్ర దిగువ కాలువలో పడేస్తారు. గాజూ ప్లాస్టిక్కూ నీళ్లలో కరగవు, కింద పొలంలో దిగిన కూలీ పాదం కోస్తాయి. గృహప్రవేశానికి ఒకరు, పెళ్లికి ఒకరు, యాత్ర పోయి వచ్చి ఒకరు పటం ఇస్తారు. వద్దనలేం. గోడ నిండుతుంది, ఆ తరువాత అటక నిండుతుంది, ఆ తరువాత రావిచెట్టు. శివకాశిలో అచ్చయ్యే కాగితానికి లెక్క లేదు, మన ఇంట్లో తుడిచే చేతులకు మాత్రం లెక్క ఉంది. దేవుణ్ణి తిరస్కరించినవాడి ఇంట్లో ఇంత అగౌరవం జరగదు. భక్తి ఎక్కువై లెక్క తప్పిన ఇళ్లలోనే జరుగుతుంది.

కోడలి బొమ్మల సంగతికి వస్తాను. ఆమె నాతో అన్న మాట ఇది. "అత్తమ్మా, దేవుని గూట్లో పది పటాల వెనక పెడితే ఈమె ముఖం ఎవరు చూస్తారు? హాల్లో ఐతే రోజూ చూస్తా. ఆ వేళ్లు వీణ మీద ఎట్ల ఉన్నాయో చూస్తా." నాకు జవాబు దొరకలేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. మా దేవుని గూట్లో వెనక వరసలో ఎవరెవరున్నారో చూడకుండా చెప్పమంటే నేను చెప్పలేను. శ్రద్ధగా చూడడం కూడా ఉపచారమే అయినప్పుడు, హాల్లో రోజూ కంటపడే సరస్వతి, గూట్లో మరుగున పడిన సరస్వతి కంటే తక్కువేమీ కాదు. నల్ల ఫ్రేము, తెల్ల మౌంటే వేయించాం. నేను కోరింది రెండే. ఎండ పడే గోడ వద్దన్నాను. ఎండకు అచ్చు రంగుల్లో ఎరుపు, పసుపు ముందు ఎగిరిపోయి నీలం మిగులుతుంది, అంగళ్ల ముందర వేలాడే దేవుళ్లందరూ నీలంగా అయ్యేది అందుకే. రెండోది, ఇంట్లో అందరికన్నా పొట్టిదాన్నైన నా చేయి అందే ఎత్తులో తగిలించమన్నాను. బొట్టు పెట్టను. శుక్రవారం పొడి గుడ్డతో తుడుస్తాను. లేపాక్షి కల్యాణాన్నీ అలాగే తుడుస్తాను.

కాబట్టి నా తీర్పు ఇది. పటాన్ని దేవుణ్ణి చేసేది చోటు కాదు, చట్రం కాదు, బంగారు రంగు కాదు. రోజూ దాని దగ్గరికి పోయే కన్నూ, చేయీ. చట్రం ఎంచుకునేటప్పుడు అందం చూడండి, తప్పు లేదు, కానీ దాని కన్నా ముందు ఆ కంటికీ చేతికీ అది వీలుగా ఉందా అని చూడండి. దీపం ముందుండే పటానికి అద్దం వేయించండి, వెనక అట్ట అంచులు మూయించండి. మరీ లోతు గాళ్లున్న బీడింగ్ వద్దు, కుంకుమా దుమ్మూ చేరి రావు. గుడ్డ పిండి తుడవండి, దేవుని పాదాలు తడవనీయకండి. కాలం చెల్లిన పటాన్ని చెట్టు కింద వదలకండి. ఒక దండం పెట్టి సాగనంపండి, శాస్త్రం ఆ అధికారం మీకు ఇచ్చింది. తరువాత మీ చేత్తోనే మేకులు తీసి, అద్దం పాత సామాన్లవాడికి, చెక్క మళ్లీ పనికొచ్చేవారికి ఇచ్చి, కాగితాన్ని మీ పెరట్లో మట్టిలో కలపండి.

అన్నిటికన్నా ముందు ఇంకో పని. కొత్త పటం కట్టించడానికి అంగడికి పోయే రోజున, ఇంట్లో ఉన్న పటాలన్నీ గోడ మీది నుంచి దించి ఒక్కొక్కటిగా తుడవండి. తుడిచే ఓపిక మధ్యలోనే అయిపోతే, ఆ రోజు అంగడికి పోవద్దు.